రెండో సీసా

తెల్లగా ఉండాల్సిన కాగితం ముక్క ఊదారంగులోకి తిరిగింది.

శేషారత్నం చేతిలో పట్టకారు అలాగే ఆగిపోయింది. బల్ల చుట్టూ తెల్లకోట్లు వేసుకుని నిలబడ్డ పదకొండు మంది అమ్మాయిలు కాగితం వంక ఒకసారి, ఆమె మొహం వంక ఒకసారి చూశారు.

"ఊదా వచ్చిందేంటండి మేడం? మన తోడుకి తెలుపే ఉంటదన్నారు కదా," అంది షాహీనా. అడగాల్సిన ప్రశ్న అందరికంటే ముందు అడిగేసే పిల్ల ఆమె.

"కాగితం పాతదేమో. ఇంకోటి ఇయ్యి."

కొత్త కాగితం తీసింది. శనివారం పిల్లలు తోడుపెట్టిన పెరుగు గిన్నె అడుగున ఇంకా కాస్త ఉంది. గాజు కడ్డీతో ఒక చుక్క తీసి కాగితం మీద పెట్టింది. మనసులో పది లెక్కపెట్టింది. ఆరు దగ్గరే అంచు నుంచి ఊదారంగు పాకడం మొదలైంది.

కాలవగట్టు మీదున్న ఆ శిక్షణ కేంద్రంలో పెరుగు తోడు రెండు రకాలు. మొదటిది బడి తోడు. మూడు వారాల శిక్షణకి వచ్చే డిగ్రీ అమ్మాయిలు దాని మీదే చెయ్యి అలవాటు చేసుకుంటారు. పాలు ఎంత వేడి మీద పొయ్యాలి, మంట పక్కన సీసా మూత ఎలా తియ్యాలి, కంటికి కనపడని ప్రాణిని మరో ప్రాణితో కలవనీకుండా ఎలా పెంచాలి, అన్నీ దానితోనే నేర్చుకుంటారు. పొరపాటున నోట్లో పడినా మామూలు పెరుగే. రెండోది అద్దాల గోడ అవతల ఉండే మందు తోడు. దాన్ని పాలలో వేస్తే తెల్లారేసరికి ఆ పెరుగు మొత్తం షుగరు మందు అయిపోతుంది. ఏరికోరి తీసుకున్న రెండు వందల మంది రోగులకి రోజూ కొలిచి ఒక్క చెంచా ఇచ్చి, మూడేళ్లుగా దాన్ని పరీక్షిస్తున్నారు. చూపుకీ, రుచికీ రెండూ పెరుగులే. ఏది ఏదో ఈ కాగితం చెప్పాలి.

కాగితం చెప్పింది.

శనివారం సాయంత్రం నాలుగింటికి పన్నెండు మంది అమ్మాయిలు ఈ పెరుగే తలా ఒక చిన్న ట్యూబులో పట్టుకుని ఇళ్లకి వెళ్లారు. ఆ అలవాటు పెట్టింది శేషారత్నమే. ఈ చదువు చదివితే ఏం ఉద్యోగం వస్తుందే అని అడిగే అమ్మలకి, ఇదిగో నా చేత్తో చేశాను అని చూపించడానికి ఒక వస్తువు ఉండాలని నాలుగేళ్ల కిందట మొదలుపెట్టింది. చూపించడానికేనమ్మా, తినడానికి కాదు అని ప్రతిసారీ చెబుతుంది. నవ్వుతూ చెబుతుంది. నవ్వుతూ చెప్పిన మాటని ఎవరూ నియమం అనుకోరు.

ఆమె కోటు జేబులో చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా, అందరూ కూర్చోండి. నేనడిగేదానికి నిజం చెప్పండి. ఎవర్నీ తిట్టను. శనివారం పట్టుకెళ్లిన ట్యూబు ఏం చేశారు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మా నానమ్మ వాసన చూసి పిల్లికి పెట్టిందండి," అంది షాహీనా. "పిల్లి కూడా ముట్టలేదండి."

ఎవరో కిసుక్కుమన్నారు. శేషారత్నం నవ్వకపోయేసరికి ఆ నవ్వు అక్కడే ఆగింది.

ఒకమ్మాయి బస్సులో పోగొట్టుకుంది. ఒకమ్మాయి తల్లి దేవుడి గూట్లో పెట్టింది. ఐదుగురివి ఫ్రిజ్ తలుపులో అలాగే ఉన్నాయి. ఒకరి తమ్ముడు మూత తీసి నాకాడు. వాడికి పన్నెండేళ్లు, రాయిలా ఉన్నాడట. ఇద్దరు మాత్రం తల దించుకుని, పాలలో తోడు వేశామని ఒప్పుకున్నారు. ఇద్దరి చేతా అప్పటికప్పుడు ఇళ్లకి ఫోన్లు చేయించింది. ఒక ఇంట్లో నిన్ననే తినేశారు. షుగరు మందులు వాడేవాళ్లెవరూ లేరు. రెండో ఇంట్లో గిన్నె ఇంకా కదపలేదు.

"పారబొయ్యొద్దని చెప్పు. అరగంట మరగబెట్టి, అప్పుడు పారబొయ్యమను. ఎందుకని అడిగితే మేడం చెప్పిందను."

పదకొండు ట్యూబుల లెక్క తేలింది.

"లోవేదీ?"

లోవకుమారి రాలేదు. మూడు వారాల్లో ఒక్కరోజు కూడా మానని పిల్ల. రైసుమిల్లు లైనిళ్ల నుంచి ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ అందరికంటే ముందు వచ్చి, బల్లలు తుడిచి, తన రికార్డు పుస్తకంలో తేదీ వేసుకుని కూర్చునేది.

"పొద్దున్న ఫోన్ చేసిందండి," అంది షాహీనా. "పక్కింటి మామ్మకి ఒంట్లో బాలేదంట, లేటుగా వస్తానంది."

"ఏం బాలేదంట?"

"చెమట్లు పట్టేసి ఏదేదో మాట్లాడుతోందంటండి."

శేషారత్నం లేచి నిలబడింది.

*

డైరెక్టరు జగన్నాథరావు హైదరాబాదు మీటింగులో ఉన్నాడు. ఫోన్‌లో ఆమె చెప్పిందంతా విన్నాడు.

"బడి తోడు సీసాలోకి అదెలా వచ్చింది రత్నం?"

"తర్వాత చెబుతాను సార్. ముందు నేనెళ్లాలి."

"వెళ్లు. షుగరు మిషను పట్టుకెళ్లు. నూట ఎనిమిదికి చెప్పు. కానీ అక్కడ తోడు గురించి మాట్లాడకు. ఆరోగ్య పరీక్షలకొచ్చామని చెప్పు. మన తోడు బయటపడిందని పేపర్లో వచ్చిందంటే పరీక్ష ఆగిపోతుంది. ఆ మందు తింటున్న రెండు వందల మంది సంగతి కూడా ఆలోచించు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉంది.

స్కూటరు వెనక షాహీనా మిషను పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాలవ పక్కన రోడ్డంతా గుంటలు. శేషారత్నానికి రోడ్డు కనపడడం లేదు. ఫ్రిజ్‌లో కింది అరలో, రంగునీళ్ల సీసాల వెనక ఉన్న రెండు చిన్న సీసాలు కనపడుతున్నాయి.

ప్రయోగశాల నియమం ఒకటే. ఎప్పటి తోడు అప్పుడు గడ్డకట్టించిన అసలు నిలవలోంచి తీసుకోవాలి. మిగిలింది మరగబెట్టి పారబొయ్యాలి. కానీ పద్నాలుగేళ్ల వయసు నుంచి రోజూ ఇంట్లో పాలు తోడుపెట్టిన మనిషికి, గిన్నెలో ఒక చెంచా మిగల్చకుండా కడిగెయ్యడం చేత కాదు. రేపు పాలు తోడుకోకపోతే? ఆ భయంతోనే బడి తోడు ఒక చెంచా ఎప్పుడూ వెనక దాచేది. అది మొదటి సీసా.

రెండో సీసా వేరు. మార్చిలో ఒకరోజు అద్దాల గోడ అవతలి నుంచి పిల్లలకి చూపించడానికి మందు తోడు కాస్త తెచ్చారు. పాఠం అయిపోయాక మరగబెట్టింది. అంతా కాదు. ఒక చెంచా ఉంచింది.

భర్త వీరభద్రానికి పదిహేనేళ్లుగా షుగరు. టైలరు. కిందటేడు కుడికాలి బొటనవేలు తీసేశారు. మిషను తొక్కే కాలు అది. మందు తోడు పరీక్షలో ఆయన్ని చేర్చుకోమని ఆమె రెండుసార్లు అర్జీ పెట్టింది. కిడ్నీలు బాగోలేవని రెండుసార్లూ కాదన్నారు. ఆ చెంచాడు తోడుని నాలుగు నెలలుగా వారం వారం కొత్త పాలలో వేసి బతికిస్తూ వచ్చింది. ఇంటికి తీసుకెళ్లే ధైర్యం లేదు. పారబోసే ధైర్యమూ లేదు.

గురువారం రోజంతా కరెంటు పోయింది. సీసాలు చెమర్చాయి. రెంటినీ కొత్త సీసాల్లోకి మార్చి ఐసు పెట్టెలో పెట్టింది. మెడకి కట్టే దారాలు, బడి తోడుకి తెలుపు, రెండోదానికి ఎరుపు, తర్వాత కడదామనుకుంది. శనివారం నాటికి అసలు నిలవ పాడైపోయి పాలు విరిగిపోయాయి. పిల్లల మొహాలు చిన్నబోయాయి. ఉండండమ్మా అని వెనక్కి చెయ్యి పెట్టింది. రెండు సీసాలూ వెలుతురుకి ఎత్తి చూసింది. మందు తోడు గట్టిగా తోడుకుంటుంది, బడి తోడు కాస్త జారుగా ఉంటుంది. ముప్పై ఏళ్ల చెయ్యి, కాగితం ఎందుకనుకుంది. జారుగా ఉన్నది తీసింది.

ఐసు పెట్టెలో ఐసు కరిగి, ఆ వెచ్చదనానికి గట్టిదే మరింత జారిపోయిందని ఆమెకి తట్టలేదు.

*

లైనిళ్లు మొత్తం పదహారు. ఎదురెదురుగా ఎనిమిదేసి. మధ్యలో సిమెంటు సందు, సందులో రెండు కుళాయిలు. స్కూటరు ఆపుతుంటేనే శేషారత్నానికి ఒక సంగతి కనపడింది. పదకొండున్నరకే నలుగురు పిల్లలు అరుగు మీద కూర్చుని బెల్లం ముక్కలు తింటున్నారు. కుళాయి దగ్గర ఒకావిడ ఇంకొకావిడతో అంటోంది.

"ఏంటో ఈ పొద్దు ఇంటిల్లిపాదికీ ఒకటే ఆకలే. పొద్దున్న చద్దన్నం తిన్నారా, పదింటికి మళ్లీ కంచాలు పట్టుకొచ్చేశారు."

ఒంట్లో షుగరు తగ్గితే వేసే ఆకలి అది. పెరుగు ఒక ఇంట్లో ఆగలేదు.

మూడో ఇంటి ముందు జనం. లోవ పరుగెత్తుకొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మేడం, మీరొచ్చారేంటండి? గవరమ్మ మామ్మండి. పలకట్లేదండి. పక్షవాతం అంటున్నారు. ఆటో కోసం పంపారండి."

లోపల నులకమంచం మీద డెబ్బయ్యేళ్ల మనిషి. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. కొడుకు సూర్రావు తల దగ్గర నిలబడి విసురుతున్నాడు. లోవ తల్లి చిట్టెమ్మ కాళ్లు రుద్దుతోంది.

శేషారత్నం ముసలామె వేలు పొడిచి మిషనుకి పెట్టింది. ముప్పై ఒకటి.

"ఈమె షుగరు బిళ్ల వేసుకుంటుందా?"

"పొద్దున్నే వేసుకుందండి," అంది చిట్టెమ్మ. "వేసుకుని పెరుగన్నం తింది. కడుపునిండా తింది. మా లోవ కాలేజీలో చేసిన పెరుగండి, ఈమెకి మహా ఇష్టం. నిన్న మధ్యాహ్నం కూడా గిన్నెడు తెచ్చిచ్చాను."

"బెల్లం తెండి. తేనుంటే తేనె తెండి. తొందరగా."

ఎవరూ కదల్లేదు. సూర్రావు విసనకర్ర ఆపాడు.

"బెల్లమేంటండి? ఆవిడ షుగరు మనిషండి. పదేళ్లయ్యింది ఈ ఇంట్లో పంచదార డబ్బా లేక. మీరెవరండి అసలు?"

"నేను లోవ మేడంని. ఆమెకి ఒంట్లో షుగరు పడిపోయింది. పెరిగి కాదు, పడిపోయి ఇలా అయింది."

"ఎందుకు పడిపోద్దండి? అదే బిళ్ల, అదే అన్నం. ఏళ్ల తరబడి పడనిది ఇయ్యాళ ఎందుకు పడిపోద్ది? అన్నవరం డాక్టరు తీపి వాసన కూడా చూడనివ్వొద్దన్నాడు. ఆటో వస్తాది, ఆసుపత్రికి పట్టుకెళ్తాం. మీరు పక్కకి తప్పుకోండి."

చెయ్యి అడ్డం పెట్టాడు. మొరటు మనిషి కాదు. తల్లికి కాపలా కాస్తున్న మనిషి.

ఆరోగ్య పరీక్షలకొచ్చామని చెప్పమన్నారు. ఆ మాటతో ఈ చెయ్యి పక్కకి జరగదు. ముసలామె గొంతులో గురక మొదలైంది.

"బాబూ, విను. మీ అమ్మ తిన్నది మామూలు పెరుగు కాదు. అందులో షుగరు మందు ఉంది. మా ప్రయోగశాలలో తయారుచేసిన మందు. లోవకి తెలీదు. వాళ్లమ్మకీ తెలీదు. ఆ తోడు ఇచ్చింది నేను. మీ అమ్మ బిళ్ల మీద బిళ్ల మింగినట్టయింది. ఇప్పుడు తీపి పడకపోతే ఆటో వచ్చేలోపు నీకు అమ్మ ఉండదు."

చిట్టెమ్మ చేతులు ముసలామె కాళ్ల మీద అలాగే ఉండిపోయాయి.

సూర్రావు చెయ్యి దించాడు.

అరుగు మీద పిల్లల చేతుల్లోని బెల్లమే లోవ లాక్కొచ్చింది. శేషారత్నం ముసలామెను పక్కకి ఒత్తిగిలించి, తడిచేత్తో నలిపిన బెల్లం బుగ్గ లోపల, చిగుళ్ల మీద రాసింది. చిటికెడు చిటికెడుగా. గొంతులోకి జారకుండా. షాహీనా పక్కన కూర్చుని నిమిషాలు చూస్తోంది. మూడోసారి వేలు పొడిచినప్పుడు నలభై నాలుగు వచ్చింది. ముసలామె కనురెప్పలు కదిలాయి.

"ఎవరే, నా నోట్లో మట్టి పోస్తున్నారు," అంది ముద్దగా.

సూర్రావు నేల మీద కూలబడి మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

*

"లోవా, ఇటు రా. మీ అమ్మ దగ్గర తోడు ఎవరెవరు పట్టుకెళ్లారు?"

చిట్టెమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ లైనులో ఎవరింట్లో పాలు విరిగినా, పెరుగు పులిసినా గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలోకే వస్తారు. ఆమె చేతి తోడుకి అంత పేరు. ఇప్పుడామె అడిగినదానికి జవాబు చెప్పడం లేదు.

"ఎన్నిళ్లని చెప్పనండి. నా పేరు చెప్పుకుని తిన్నారు అందరూ."

"అమ్మా, తర్వాత ఏడుద్దువు గాని," అంది లోవ. సంచిలోంచి రికార్డు పుస్తకం తీసింది. "శనివారం రాత్రి మనం తోడేశాం. ఆదివారం పొద్దున్న పేరుకుంది. మజ్జిగ చిలక్కముందు ఎవరొచ్చారు?"

"పొద్దున్నెవరూ రాలేదు. సాయంకాలమే."

"దీపం పెట్టకముందా, పెట్టాకా?"

"పెట్టాక తోడు ఎవరికైనా ఇస్తానా? ముందే. దీపం పెట్టాక మిల్లు కోడలొచ్చింది, రేపు రామ్మా అన్నాను."

"అయితే మిల్లు మేనేజరు గారింటికి వెళ్లలేదు." లోవ గీత గీసింది. "గిన్నెలు చూద్దాం పద."

చిట్టెమ్మ వంటింటి గూట్లో చిన్న గిన్నెలు వరసగా ఉన్నాయి. తోడు తీసుకెళ్లినవాళ్లు మర్నాడు గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. అడుగున కాస్త పెరుగో, రెండు పచ్చిమిరపకాయలో వేసి ఇస్తారు. ఏ గిన్నె తిరిగొచ్చిందో, ఏ గిన్నె రాలేదో చూసుకుంటూ లోవ రాసుకుపోయింది. ఇంటి నెంబరు, తోడు పట్టుకెళ్లిన వేళ, తిన్నవాళ్లు ఎవరు, బిళ్లలు వాడేవాళ్లు ఎవరు. ఏడిళ్లు తేలాయి. అందులో రెండిళ్ల నుంచి తోడు మళ్లీ ఇంకో రెండిళ్లకి వెళ్లింది. శేషారత్నం ఆ పుస్తకం వంక చూస్తూ నిలబడింది. మూడు వారాలుగా తను చెప్పిన పాఠం అదే. ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్లింది, ఏ వేళకి.

"మేడం." లోవ పెన్ను ఆగింది. "పదకొండో నెంబరు కోటయ్య తాతండి. సూది మందు వేసుకుంటాడండి. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. పెరుగన్నం క్యారేజీ పట్టుకెళ్లాడు."

"ఎన్నింటికి తింటాడు?"

"పన్నెండు సైరన్ మోగగానే."

పన్నెండుకి ఎనిమిది నిమిషాలుంది. లోవ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

శేషారత్నం, షాహీనా ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ అదే మాట. పెరుగు పారబొయ్యడమేంటండి, లక్ష్మిని పారబోసినట్టు. ప్రతి ఇంట్లోనూ ఆమె మొదటి నుంచి చెప్పింది, తన పేరుతో సహా. మూడో ఇంట్లో తలుపు మొహం మీద వేశారు. ఆరో ఇంట్లో ఒకావిడ గిన్నె తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టి, "మీరు చదువుకున్నోళ్లా?" అని మాత్రం అంది. తిట్టినా అంత తగిలేది కాదు.

సైరన్ మోగింది.

సందు చివర లోవ కనపడేదాకా శేషారత్నం అటే చూస్తూ నిలబడింది. పిల్ల చేతిలో క్యారేజీ ఉంది. మూత తీసి చూపించింది. పెరుగన్నం మీద ఆవకాయ ముక్క పెట్టినది పెట్టినట్టే ఉంది.

"తాత ఒకటే తిట్లండి," అంది రొప్పుతూ. "అన్నం లాక్కున్నావు, నువ్వు బాగుపడవే అన్నాడండి."

*

గవరమ్మ నోట్లో బెల్లంతో కథ అయిపోలేదు. కడుపులో పెరుగున్నంతసేపూ మందు పనిచేస్తూనే ఉంటుంది. నూట ఎనిమిదిలో ఆసుపత్రికి చేర్చి సెలైను ఎక్కించారు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ ముప్పై ఎనిమిదికి పడింది. ఆరింటికి మళ్లీ. శేషారత్నం వరండాలో బెంచీ మీద కూర్చుని, నర్సు ప్రతిసారీ అరిచే అంకె కోసం చెవులు రిక్కించింది. సూర్రావు ఎదురుగా కూర్చున్నాడు గాని ఆమె వంక చూడలేదు. ఒక్కసారి మాత్రం లేచి వెళ్లి రెండు టీలు తెచ్చి, ఒకటి ఆమె పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాటికి గవరమ్మ లేచి కూర్చుంది. కొడుకుని గుర్తుపట్టింది. కోడలి పేరు మాత్రం నోటికి రాలేదు. చిట్టెమ్మని చూసి చాలాసేపు ఆలోచించి, "నువ్వు పెరుగు మనిషివి కదూ," అంది. కొన్ని మాటలు తిరిగొస్తాయి, కొన్ని రాకపోవచ్చు అన్నాడు డాక్టరు.

ఇంటికి వెళ్లి శేషారత్నం భర్తకి అంతా చెప్పింది. వీరభద్రం మిషను ముందు కూర్చుని గుండీకి దారం ఎక్కిస్తున్నాడు. చివరిదాకా తలెత్తలేదు.

"నాలుగు నెలలా?" అన్నాడు.

"ఆ."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే తెమ్మనేవారు."

"తెమ్మనేవాణ్ణే. తినేవాణ్ణి కూడా." దారం సూది బెజ్జంలోకి పోలేదు. సూది పక్కన పెట్టేశాడు. "అంటే ఆ ముసలామె నా వంతు తిందన్నమాట."

శేషారత్నం వంటింట్లోకి వెళ్లింది. పాలు కాగి చల్లారి ఉన్నాయి. పక్కన నిన్నటి పెరుగు గిన్నె. ఇంటి తోడు, వాళ్లమ్మ నాటి నుంచి వస్తున్నది. దాంట్లో ఏ దోషమూ లేదని ఆమెకి తెలుసు. చెంచా తీసుకుని చాలాసేపు నిలబడింది. ఆ రోజు పాలు తోడు పెట్టలేదు.

*

బుధవారం జగన్నాథరావు ఆమె ఎదురుగా రెండు కాగితాలు పెట్టాడు.

"ఒకటి నువ్వు రాసింది. ఒకటి నేను రాయించింది. నేను రాయించిందాంట్లో, కరెంటు పోయి సీసా గుర్తులు చెరిగిపోయాయి, పొరపాటున ఒకటి బదులు ఒకటి వాడారు, అని ఉంది. అది అబద్ధం కాదు. దాంతో నీకు ఆరు నెలల సస్పెన్షను. నువ్వు రాసిందాంతో ఉద్యోగమే పోతుంది. జీవితంలో ఇంకో ప్రయోగశాలలో కాలు పెట్టలేవు. పరీక్ష కూడా ఆగొచ్చు." కళ్లజోడు తీశాడు. "మందు తోడు సీసా అక్కడ ఎందుకుందో నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు రత్నం?"

"సాయంత్రం వరకూ టైమివ్వండి సార్," అంది.

శిక్షణలో చివరి రోజు అది. హాల్లో అమ్మాయిలు రికార్డులు పూర్తిచేస్తున్నారు. ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. కిటికీ పక్క బల్ల దగ్గర లోవ ఉంది.

"మీ అమ్మ పంపనంది కదా?"

"అవునండి. ఆ గాజు సీసాల చదువు వద్దు, మిల్లులో పద్దులు రాసుకో అందండి. గవరమ్మ మామ్మ పంపించిందండి."

"గవరమ్మా?"

"ఏ ఇంట్లో ఎవరు తిన్నారో రాసింది ఆ పిల్లే కదే, దాన్ని ఆపుతావేంటే అందండి అమ్మని. నా పేరు గుర్తు లేదండి ఆవిడకి. ఆ పిల్ల, ఆ పిల్ల అంటోంది."

శేషారత్నం కుర్చీ లాక్కుని కూర్చుంది. లోవ పుస్తకం ఆమె వైపు తిప్పింది. శనివారం నుంచి సోమవారం దాకా అంతా ఉంది. పాలు కాచిన వేడి, తోడేసిన వేళ, ట్యూబు, గిన్నెలు, తొమ్మిదిళ్లు, పదహారు మంది మనుషులు, ముప్పై ఒకటి, నలభై నాలుగు. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం సిరా వత్తుగా పడింది. పెన్ను అక్కడ చాలాసేపు ఆగినట్టుంది.

ఫ్రిజ్‌లో మేడం పొరపాటున ఉంచిన రెండో సీసాలోని తోడు వాడడం జరిగింది.

"మీరు వెనక నుంచి రెండు సీసాలు తియ్యడం నేను చూశానండి," అంది లోవ నెమ్మదిగా. "అందుకని రెండో సీసా అని రాయాల్సొచ్చింది. తప్పు ఎవరిదని రాయాలో తెలీక అలా రాశానండి. సరిపోద్దాండి?"

సరిపోతుంది. జగన్నాథరావు కాగితంతో అచ్చంగా సరిపోతుంది. పిల్ల పుస్తకం, డైరెక్టరు కాగితం ఒకే మాట చెబితే ఇక అడిగేవాళ్లుండరు. కిటికీ అవతల అద్దాల గోడ, దాని వెనక తెల్లకోట్లలో మనుషులు కదులుతున్నారు. ఆమె ఇక్కడ చేరి పద్నాలుగేళ్లు. ఈ హాల్లో తను చేతికి పెన్నిచ్చిన పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ప్రయోగశాలల్లో సీసాల మీద పేర్లు రాస్తున్నారు.

"మొదటి రోజు రికార్డు గురించి నేనేం చెప్పాను?"

"రబ్బరుతో చెరపకూడదండి. తెల్ల రంగు పూయకూడదండి. తప్పు రాస్తే, ఆ తప్పు కనపడేలా ఒకే గీత కొట్టాలండి. పైన సరైన మాట రాసి, కొట్టినవాళ్లు సంతకం, తేదీ పెట్టాలండి."

"పెన్నియ్యి."

శేషారత్నం "పొరపాటున" అన్న మాట మీద ఒక గీత కొట్టింది. తిన్నగా, కింది అక్షరాలు చదవడానికి వీలుగా. దాని పైన "కావాలని" అని రాసింది. ఖాళీ చోట చిన్న అక్షరాలతో, నా భర్త కోసం, అని చేర్చింది. పక్కన సంతకం చేసి తేదీ వేసింది.

పెన్ను తిరిగిచ్చింది. లోవ ఆ గీతని, సంతకాన్ని చూసింది. సిరా ఆరేదాకా ఆగి, తర్వాతి వాక్యం మొదలుపెట్టింది.